నలభై ఒకటో పేరు

పడవ ఇంకా అవతలి ఒడ్డునే ఉంది, ఇక్కణ్ణుంచి చూస్తే నీళ్ల మీద వాలిన ఈగంత, అందులోంచి మనుషులు దిగుతున్నారో దిగి నిలబడ్డారో తెలియడం లేదు, ఆమ్నోక్ నది మీద మంచు విరిగి పది రోజులైనా కాలేదట, పీటలంత పలకలు తేలుతూ వచ్చి ఒడ్డు రాళ్లకు కొట్టుకుంటున్నాయి, ఆ చప్పుడు వింటుంటే ఎవరో వంటింట్లో గిన్నెలు సర్దుతున్నట్టుంది. మొదటి విడతలో ఇరవై మంది ఆడవాళ్లను పంపాను. మిగిలిన ఇరవై ఒక్కరూ నా వెనక బళ్ల చాటున గాలికి ముడుచుకుని కూర్చుని అవతలి ఒడ్డునే చూస్తున్నారు, ఆ బూడిదరంగు కొండలు చోసన్ దేశం, మా దేశం, ఇరవై ఎనిమిదేళ్లుగా నేను పెదవి కదపకుండా తలుచుకున్న దేశం. చక్రవర్తి శాసనం ఉన్న పసుపుపట్టు పెట్టె ఎత్తైన బల్ల మీద ఉంది. దాన్ని చోసన్ రాజుకు చేర్చాల్సినవాణ్ణి నేను, దాని పక్కనే నిలబడాలి, పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాను. కానీ కళ్లు నది మీద నిలవడం లేదు, మాటిమాటికీ వెనక్కి పోతున్నాయి, నిన్న మేం వచ్చిన దారి మీదికి, అక్కడ గుట్ట మలుపులో మూడు గుర్రాలు కనిపించాయి.

తపాలా గుర్రాలు కావన్నాడు బండివాడు, తపాలా గుర్రాలకు మెడలో గంటలుంటాయి, ఇవి రాజధాని దళానివి, చూడండి తోకలు ముడేసి ఉన్నాయి అన్నాడు, ఏదో మంచి కబురు చెప్పినట్టు. చూశాను. అవి గుట్ట దిగి, బురద నేల చుట్టి, రెల్లు దాటి ఇక్కడికి రావడానికి రెండు గడియలు పడుతుంది. పడవ తిరిగి రావడానికీ ఇంచుమించు అంతే. రాజధానిలో వంటశాల అధికారి లూ షాన్ ముద్ర వేసి ఇచ్చిన జాబితాలో నలభై పేర్లున్నాయి, నా బళ్లలో నలభై ఒక్క మంది ఉన్నారు, ఆ నలభై ఒకటో మనిషి కోసమే ఆ గుర్రాలు వస్తున్నాయని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు, తెలిసి కూడా ఆమె ఇప్పుడు బండి దగ్గర తన తిరగలి రాళ్లకు కట్టిన తాడు విప్పుతోంది, పెళ్లికి పిండి విసరాలన్నంత హడావిడిగా.

ఇదే నదిని మొదటిసారి దాటినప్పుడు ఇలా నీళ్లు లేవు, అంతా గడ్డకట్టి ఉంది, ఎడ్ల కాళ్లకు గడ్డితాళ్లు చుట్టి నడిపించారు, నాకు పదకొండేళ్లు. మాది బోంగ్సాన్ దగ్గర పల్లె. మూడేళ్లప్పుడు జొన్న చేలో కుక్క కరిచింది, కరవకూడని చోట కరిచింది, నేను బతకనని గొయ్యి కూడా తవ్వించారట, బతికాను. బతికినందుకు ఊళ్లో నాకొక పేరు పెట్టారు, కుక్క మిగిల్చినవాడు అని, పిల్లలు పిలిచేవారు, పెద్దలు నవ్వేవారు, మా అమ్మ మాత్రం ఆ మాట ఎవరి నోట వచ్చినా వాళ్లింటి ముందుకెళ్లి నిలబడి సాయంత్రం దాకా తిట్టేది. మింగ్ చక్రవర్తి అంతఃపురానికి అలాంటి పిల్లలు కావాలని అధికారులు వచ్చారు. వీడికి పెళ్లా, పిల్లలా, ఇక్కడుండి ఏం చేస్తాడు, అక్కడైతే పట్టుబట్టలు కడతాడు అన్నాడు ఊరి పెద్ద. మా నాన్న తలెత్తలేదు. అమ్మ ఆ రోజు ఎవర్నీ తిట్టలేదు, దానికే నాకు భయం వేసింది. బండెక్కాక చూస్తే అందులో ఆడపిల్లలు, వంటకని, పాటకని, పాన్పుకని ఏరి తెచ్చిన వాళ్లు, అందరూ ఏడుస్తున్నారు, ఒక్కామె మాత్రం ఒళ్లో వేయించిన సోయా గింజల మూట పెట్టుకుని నములుతోంది. హేజు నుంచి వచ్చింది, పేరు బోబే, పదిహేడేళ్లు. నా చేతిలో గుప్పెడు పోసి, ఏడుస్తూ తింటే గొంతు పట్టుకుంటుంది, ముందు తిను, తర్వాత ఏడుద్దువు గాని అంది. గింజలయ్యేసరికి నది దాటేశాం. నాకు ఏడవడం గుర్తు రాలేదు.

గాలి ఈ పక్కకు తిరిగింది, పెట్టె మీద పట్టు రెపరెపలాడుతోంది, అంచు సర్దాను. ఈ చేతులు ఇలాంటి పెట్టెల్ని ఎన్ని మోశాయో, ఈ గొంతు ఎన్ని శాసనాలు చదివిందో. గొంతు. మొదటి రెండేళ్లూ నా చేత కుండలు కడిగించారు, ఆ తర్వాత హే అనే ముసలి కంచుకి, నాలాంటివాడే, ఒకరోజు పెరట్లో నేను కోళ్లను అదిలించడం విని, వీణ్ణి నాకివ్వండి అన్నాడు. ఆయన పని చాటింపు, చక్రవర్తి మాటను దర్బారుకు వినిపించడం. నోట్లో నీళ్లు పోసుకుని ఊపిరి బిగబట్టించేవాడు, గోడకు ముఖం పెట్టి అరిపించేవాడు, పెద్ద ప్రాంగణానికి ఈ కొసన నన్ను నిలబెట్టి ఆ కొసకు పోయి చెవి వెనక చెయ్యి పెట్టుకుని నిలబడేవాడు, వినబడలేదు అనేవాడు, వినబడలేదు, వినబడలేదు, మూడేళ్లు అదే మాట. కాపలా భటులు నా వెనక నడుస్తూ సన్నగొంతు పెట్టి నన్ను అనుకరించేవాళ్లు, అమ్మాయిగారూ అమ్మాయిగారూ అని. ఏడ్చానని తెలిసి హే నన్ను కూర్చోబెట్టి చెప్పాడు: "మగాడి గొంతు పదహారేళ్లకు పగిలిపోతుందిరా. పగిలిన గొంతు పది బారలు పోయేసరికి నేల పట్టేస్తుంది. నీది పగలదు. చిట్టచివరి వరసలో మోకాళ్ల మీదున్న ముసలి చెవిటివాడికి కూడా రాజాజ్ఞ వినిపించేది మనమే. వాళ్లు నవ్వనీ. నువ్వు నోరు తెరిచిన రోజు వాళ్లెక్కడుంటారో చూసుకో." చూసుకున్నాను. ఇరవై రెండేళ్లకు మొదటిసారి పాలరాతి మెట్ల మీద నిలబడి నోరు తెరిచాను, కింద మంత్రులు, సేనాపతులు, పండితులు, ఎంత పొడుగు గడ్డాలో, అన్నీ ఒక్కసారిగా నేలకు వంగాయి, నన్ను అనుకరించిన భటుల్లో ఒకడు ఎడమవైపు మూడో వరసలో నుదురు రాతికి ఆనించి ఉన్నాడు, నా ఒళ్లంతా వేడెక్కింది, ఆ వేడి ఇవాళ్టికీ చల్లారలేదు. కుక్క మిగిల్చిందేమిటో అప్పుడు తెలిసింది నాకు. గొంతు మిగిల్చింది.

గుర్రాలు గుట్ట దిగాయి. పడవ కదిలింది, అవును, కదిలింది, గెడ ఎత్తడం కనిపించింది. రా, తొందరగా రా.

బోబే అక్క వంటశాలలో పడింది. సోయా గింజలు నానబెట్టి, తిరగలిలో రుబ్బి, ఆ పాలు కాచి, సముద్రపు ఉప్పునీటితో విరిచి, గుడ్డలో కట్టి బరువు పెడితే వచ్చే జున్ను, మా దేశంలో అది ప్రతి ఇంట్లోనూ చేస్తారు, ఆమె చేస్తే మాత్రం నోట్లో పెట్టుకోగానే జారిపోయేది. ఒకనాడు చక్రవర్తి పళ్లెం ఖాళీ చేసి ఇది ఎవరు చేశారని అడిగాడు. బహుమానంగా వచ్చిన అంగీ లూ షాన్ తొడుక్కున్నాడు. ఆమెకు దక్కిందల్లా ఒక ఉత్తర్వు, ఈమెను వంటశాల గడప దాటనివ్వకూడదని. మెచ్చుకోలే ఆమె కాలికి గొలుసైంది. తెల్లవారుజామున దర్బారుకు పోయే ముందు నేను వంటశాల వెనక గుమ్మం దగ్గర ఆగేవాణ్ణి, వేడివేడి జున్నుముక్క మీద ఉల్లికాడలు చల్లి ఇచ్చేది, నేను తింటుంటే మా భాషలో గబగబా మాట్లాడేది, తోటి వంటవాళ్ల గొడవలు, కలలు, హేజు రేవులో చేపల వాసన. ఎందుకక్కా అంత తొందర అంటే, "రోజుకి ఇదొక్క గడియే కదరా తమ్ముడూ నాకు మాట దొరికేది. మిగతా పొద్దంతా నోరు ఊరికే ఉంటుంది, బూజు పడుతుందేమోనని భయం" అంది. నన్ను పట్టుబట్టల్లో చూసి అందరూ ప్రభువులన్నారు, ఆమె ఒరే తమ్ముడూ అనడం మానలేదు, ఎవరైనా వస్తున్న చప్పుడైతే మాత్రం గొంతు మార్చి, అయ్యగారికి ఇంకొంచెం వడ్డించమంటారా అనేది.

ఆ చక్రవర్తి పోయాడు. ఆయనతో పాటు పరలోకానికి తోడు పోవాలని కొందరు రాణుల్ని ఒక మందిరంలోకి పంపారు, అందులో ఒకామె మా బండిలో వచ్చినదే, ఆన్‌దోంగ్ పిల్ల, పాటలు పాడేది. నేను తలుపు బయట నిలబడ్డాను. లోపల కాలికింది పీటలు పడిన చప్పుడు విన్నాను. దాని గురించి ఇంతకంటే తలుచుకోను, ఇవాళ నాకు ఊపిరి కావాలి. నలభై రోజుల తర్వాత పెద్ద మహారాణి నన్ను పిలిచి, నీ ముఖం అలా ఎండిపోయిందేమని అడిగింది, అడగాలని అడిగిందో మాటవరసకు అడిగిందో, నేను మాత్రం ఆ ప్రశ్న కోసమే నలభై రోజులుగా తిండి మానేసి ఉన్నాను. నేలకు వంగి చెప్పాను. మా దేశపు ఆడవాళ్లు ఇంకా ఇక్కడున్నారు తల్లీ, వాళ్ల తల్లులు కొందరైనా బతికే ఉంటారు, కొత్త ఏలుబడి మొదలవుతోంది, వాళ్లను ఇంటికి పంపితే ఆ పుణ్యం కొత్త సింహాసనానిది అన్నాను. ఆమె, రాయించు అంది. ఆ ఒక్క మాట. నేను మెట్లు దిగానో ఎగిరానో నాకు తెలియదు. శాసనం రాసే ముసలి లేఖరి దగ్గర కూర్చున్నాను, ఆయన "జాబితాలోని చోసన్ స్త్రీలను" అని రాయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, అయ్యా, "చోసన్ స్త్రీలందరినీ" అని ఉంటే బాగుంటుందేమో, ఒక్క అక్షరమే కదా తేడా అన్నాను, ఆ లిపిలో మాటకొక అక్షరం. ఆయన నావంక చూశాడు, కుంచె వంక చూశాడు, ఆ ఒక్క అక్షరం రాశాడు. ముద్ర పడింది. ఆ తర్వాత లూ షాన్ జాబితా వచ్చింది, నలభై మంది, బోబే లేదు, వంటశాలకు అవసరం అని పక్కన రాశాడు. బళ్లు బయల్దేరే పొద్దున వంటశాల వెనక గుమ్మం ముందు ఆగితే ఆమె మిగతావాళ్లను సాగనంపడానికి గడప దాకా వచ్చింది, తిరగలి రాళ్లు వీపుకి కట్టుకుని, దీన్నైనా మా ఊరు చేర్చండర్రా అంటూ. నేను బండి పరదా ఎత్తి, ఎక్కు అక్కా అన్నాను. జాబితాలో లేనుగా అంది. ఎక్కు. ఎక్కింది. ద్వారం దగ్గర కాపలావాడు తలలు లెక్కపెట్టబోతుంటే పసుపు పెట్టెను ఛాతీ ఎత్తుకు లేపాను, వాడు మోకాళ్ల మీద పడి నేలకేసి చూశాడు, బళ్లన్నీ దాటిపోయేదాకా.

పడవ వచ్చేసింది, అడుగు గులకరాళ్లకు రాసుకుంది, ఆడవాళ్లు మూటలు పట్టుకుని పరుగెత్తారు. గుర్రాలు రెల్లులో ఉన్నాయి, కనబడవు గాని డెక్కల చప్పుడు వస్తోంది. ఇక్కడ చూస్తే పడవవాడు చేతులడ్డం పెట్టి నిలబడ్డాడు, నడివయసువాడు, ఉయిజు యాస.

"ఈ బండరాళ్లు నా పడవలోనా తల్లీ? మునిగితే ఎవరిది పూచీ?"

"నీకంటే బరువేం కాదులే. నువ్వు దిగు, అవి ఎక్కుతాయి."

"నేను దిగితే గెడ ఎవరు వేస్తారంట?"

"ఇరవై ఎనిమిదేళ్లు సముద్రమంత గంగాళాల్లో తెడ్డు తిప్పాను నాయనా. నీ నది నాకో లెక్కా?"

ఆడవాళ్లు నవ్వారు, ఇంత భయంలో కూడా నవ్వారు, పడవవాడూ నవ్వు ఆపుకోలేక రాళ్లను నడుమ పెట్టమన్నాడు. పెట్టారు. పడవ ఒడ్డు వదిలింది. ఇరవై బారలు పోయిందో లేదో రెల్లు చీల్చుకుని మూడు గుర్రాలూ రేవులోకి దిగాయి, ముందున్నవాడు దళపతి, ముఖమంతా బురద, పడవను చూసి చెయ్యెత్తి ఆపమని అరిచాడు. పడవవాడికి ఆ భాష రాదు గాని అరుపు అర్థమవుతుంది. గెడ ఆగింది. పడవ నీళ్ల మీద మెల్లగా పక్కకు తిరుగుతోంది.

అప్పుడు పెట్టె ఎత్తాను. రెండు చేతులా, నుదుటి దాకా. నోరు తెరిచాను. "చక్రవర్తి శాసనం" అన్నాను, అంతే, ఆ రెండు మాటలే, అవి నది మీదుగా పోయి కొండకు తగిలి తిరిగి రావడం నాకే వినిపించింది, గుర్రాలు చెవులు రిక్కించాయి, దళపతి జీను మీంచి జారి బురదలో మోకాళ్లూనాడు, అతని వెనక ఇద్దరూ, బండివాళ్లూ, నా పరివారమూ, రేవంతా వంగిపోయింది. శాసనం వినబడుతున్నంతసేపు లేచినవాడి తల నిలవదు, తెలియనివాడెవడు. పెట్టె తెరవలేదు. తెరిచేది చోసన్ రాజు ముందే. కానీ అందులో ఉన్నదంతా నా నాలుక మీద ఉంది, రాజధానిలో మెట్ల మీద చాటింది నేనే. మొదలుపెట్టాను. ఆకాశం ఆజ్ఞ మేరకు, అన్నాను, ఊపిరి తీసుకున్నాను, నాలుగు సముద్రాల నడుమ ఏలుబడి చేస్తున్న మేము, మళ్లీ ఊపిరి, హే నేర్పిన ఊపిరి, నోట్లో నీళ్లు పోసుకున్నట్టు నెమ్మదిగా, దర్బారులో ఇది సగం అగరువత్తి కాలేంతసేపు పడుతుంది, ఇవాళ నేను రెండు వత్తులు కాలుస్తాను. పూర్వ చక్రవర్తుల పేర్లొచ్చాయి, ఒక్కొక్క బిరుదూ విడివిడిగా పలికాను, ఏ బిరుదూ మింగలేదు. పడవ ఇంకా తిరుగుతూనే ఉంది, గెడ పట్టుకున్న చెయ్యి కదలదేం, పడవవాడు కూడా వంగి కూర్చున్నాడా ఏమిటి, ఆ భాషలో ఒక్క ముక్క రానివాడు. బోబే అక్క లేచి నిలబడింది. వాడి భుజం తట్టి ఏదో చెప్పింది. తర్వాత తెలిసింది, "ఆ చదువు నీకు కాదు, వాళ్లకి. నువ్వు తొయ్యి" అందట. గెడ లేచింది. దిగింది. లేచింది. నా గొంతు నదిని పట్టి పరిచినట్టుంది, దాని మీద పడవ పోతోంది, చేటంత, అరచేయంత అవుతూ, ప్రజలను కన్నతల్లిలా కరుణించి, అంటున్నాను, దూరదేశాల నుంచి తెచ్చిన ఆడవాళ్లు తల్లిదండ్రుల కోసం తపించడం తెలిసి, అంటున్నాను, ఈ గొంతును చూసి నవ్విన వాళ్లందరూ ఒక్కొక్కరే గుర్తొచ్చి ఒక్కొక్కరే ఎటో పోతున్నారు, మా ఊరి పెద్ద, భటులు, జొన్న చేలో కుక్క, ఎవరి మీదా కోపం లేదు, కోపానికి ఊపిరి ఖర్చుపెట్టే తీరిక లేదు. ఆ మాట దగ్గరికొచ్చాను. "చోసన్ స్త్రీలందరినీ." ఆగాను. ఆచారం ప్రకారం ముఖ్యమైన మాట మూడుసార్లు చాటవచ్చు. అందరినీ. అందరినీ. మూడోసారి అనేటప్పటికి అవతల పడవ ముక్కు ఒడ్డెక్కింది.

దళపతి లేచాడు. మోకాళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. చొక్కాలోంచి లూ షాన్ ముద్ర ఉన్న కాగితం తీసి, చదివి, నది వైపు చూసి, మళ్లీ చదివాడు. నేను పెట్టె బల్ల మీద పెట్టాను, దాని పట్టు అంచు సర్దాను.

"బోబే అనే వంటమనిషి నది ఇవతల కనబడితే వెంటనే పట్టి తేవాలని ఉంది అయ్యగారూ" అన్నాడు.

"వెతకండి" అన్నాను.

అతను నిజంగానే బళ్ల కేసి నడిచాడు, ఒక్కొక్క పరదా ఎత్తి చూశాడు, ఖాళీ బళ్లు, గడ్డి, ఒక చిరిగిన కంబళి. తిరిగి వచ్చి కాగితం మడిచి లోపల పెట్టుకున్నాడు.

"ఇవతల లేదు" అన్నాడు. "అదే చెప్తాను. ఆ 'అందరినీ' అన్న మాట గురించి మాత్రం లూ గారు మిమ్మల్ని అడుగుతారు, తమరు తిరిగి వచ్చాక."

"అడగనివ్వండి. మెట్ల మీద నిలబడి చెప్తాను, మొత్తం రాజధానికి వినబడేలా."

ముందు అతని మీసం కదిలింది, తర్వాత ముఖమంతా నవ్వైంది, ఆరు రోజులుగా గుర్రం దిగనివాడు నవ్వే నవ్వు. వంగి నమస్కరించాడు, ఈసారి పెట్టెకు కాదు.

మూడో విడతలో నేను, పెట్టె, నలుగురు బోయీలు. పడవవాడు నన్ను ఓరగా చూస్తూ, అంత గొంతు ఎక్కణ్ణుంచొచ్చింది బాబూ అని అడిగాడు, బోంగ్సాన్ నుంచి అన్నాను, మా భాషలో, పైకి, గట్టిగా, వాడు గెడ వెయ్యడం మరిచి చూశాడు. నది నడుమ నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి. చేయి ముంచాను. చల్లదనం మోచేతి దాకా ఎక్కింది, హాయిగా ఉంది. ఒడ్డున ఉయిజు అధికారి, డోళ్లు, జెండాలు, నేను దిగగానే చాప మీద నాలుగుసార్లు సాగిలపడ్డాడు, శాసనం తెచ్చినవాడికి చెయ్యాల్సిన మర్యాద, లేచాక పల్లకీ చూపించాడు. నడుస్తాను అన్నాను. బురదలో నడిచాను. నా చెప్పుల కింద చోసన్ బురద.

ఆడవాళ్లు ఒక గుంపుగా నిలబడి ఉన్నారు, ఎటు చూడాలో ఎవరికి దండం పెట్టాలో తెలియనట్టు, కొందరు నేలను తడుముతున్నారు. అప్పగింత పిలుపు నా వంతు. జాబితాలో అందరికీ అంతఃపురంలో పెట్టిన పేర్లున్నాయి, తూర్పు అటక రెండో ఆమె, ఆవిరి పొయ్యి నాలుగో ఆమె అని. దాన్ని మడిచి పక్కన పెట్టాను. దారి పొడుగునా ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకున్నవి చాటాను, మెట్ల మీద చాటే గొంతుతోనే. చోంజు ఊరి కుమ్మరి కూతురు నెఉని. ఉన్నాను అంది ఒక గొంతు, పీలగా. ప్యోంగ్యాంగ్ గుమ్‌హ్వా. ఉన్నాను. సన్‌చన్ ఊరి అక్కచెల్లెళ్లు, పెద్దది ఒక్కతే మిగిలింది, ఆమె ఇద్దరి తరఫునా ఉన్నామంది. ఉన్నాను, ఉన్నాను, పోనుపోను ఆ మాట పెరిగింది, చివరికొచ్చేసరికి అరుపులైంది, డోళ్లవాళ్లు చేతులాపి వింటున్నారు. నలభై అయ్యాయి. ఊపిరి పీల్చుకున్నాను.

"హేజు ఊరి బోబే."

"ఉన్నానొరే" అంది.

అధికారి దగ్గరున్న లేఖరి పట్టీ పైనుంచి కిందికి చూశాడు, కింది నుంచి పైకి చూశాడు. ఈ పేరు మాకు వచ్చిన పట్టీలో లేదండీ అన్నాడు భయంభయంగా. రాసుకోండి అన్నాను. కుంచె సిరాలో ముంచి, ఏమని రాయమంటారు ప్రభూ, వంటమనిషి అనా, దాసీ అనా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా ఆమె గుంపు లోంచి ముందుకొచ్చింది, చేతులు కొంగుకు తుడుచుకుంటూ, ఒక్క అక్షరం రానిది, కాగితం మీదికి వంగి చూసింది.

"తిరిగొచ్చింది అని రాయి బాబూ" అంది.

అతను రాశాడు. సిరా ఆరేదాకా ఆమె అక్కడే నిలబడి చూసింది.